పెయ్య దూడల మేతలో పంటల పీచు: ఏ వయసుకు ఏది, ఎంత

వరిగడ్డి, జొన్న చొప్ప, వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు తీగ), సోయా పొట్టు, పత్తిగింజ పొట్టు, చెరకు పిప్పి. పేరుకు అన్నీ పీచు మేతలే అయినా దూడ కడుపులోకి వెళ్లాక ఒక్కోటి ఒక్కో పని చేస్తుంది. అందుకే వీటిలో ఏది మంచిదని అడిగేముందు, ఏ వయసు దూడకు ఏ పని కోసం కావాలో తేల్చుకోవాలి. ఈ లెక్క చూసుకోకుండా చవకగా దొరికిందని మేపితే, మిగిలిన డబ్బుకు రెట్టింపు దూడ ఎదుగుదలలో పోతుంది. ఆలస్యంగా ఎదకు వచ్చిన పడ్డ ఆలస్యంగానే ఈనుతుంది, అన్నాళ్లూ మేత మాత్రం తింటూనే ఉంటుంది.

మేతలో పీచు చేసే పనులు మూడు. మొదటిది రాపిడి: కాస్త పొడవున్న ముక్కలు పెద్దపొట్ట (పశువుకున్న నాలుగు పొట్టల్లో మొదటిది) గోడను గీరుతూ కండరాన్ని కదిలిస్తాయి, నెమరు వేయిస్తాయి, నెమరుతో పాటు లాలాజలం ఊరి పొట్టలో పులుపు తగ్గుతుంది. రెండోది శక్తి: కొన్ని రకాల పీచు సూక్ష్మజీవుల చేతిలో బాగా కరిగి గింజలకు దగ్గరగా శక్తినిస్తుంది. మూడోది పలచన చేయడం: ఎదిగిన పడ్డకు కడుపు నింపుతూనే కొవ్వు పట్టకుండా చూడటం. వరిగడ్డి మొదటి, మూడో పనులకు పనికొస్తుంది, రెండోదానికి దాదాపు పనికిరాదు. సోయా పొట్టు రెండో పనిలో దిట్ట, కానీ మెత్తగా ఉండటం వల్ల రాపిడి ఇవ్వదు. వేరుశనగ కట్టె రాపిడినీ శక్తినీ తగుమాత్రంగా ఇస్తూ, వాటితో పాటు మాంసకృత్తులనూ తెస్తుంది. కింద చెప్పేదంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

పాలు తాగే దూడకు చిటికెడు చాలు

పుట్టిన దూడ కడుపులో సగానికి పైగా చోటు నాలుగో పొట్టదే. పెద్దపొట్ట ఇంకా చిన్న సంచిలా ఉంటుంది. గడ్డి వేస్తే అదే పెరుగుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. గడ్డి వల్ల పొట్ట సంచి సాగే మాట నిజమే గానీ, లోపలి పొర మీద పోషకాలను పీల్చుకునే బుడిపెలు పెరిగేది గింజలు పులిసినప్పుడు పుట్టే ఆమ్లాల వల్ల, ముఖ్యంగా బ్యుటిరిక్ ఆమ్లం వల్ల. గడ్డి పులిస్తే ఎక్కువగా తయారయ్యేది ఎసిటిక్ ఆమ్లం, అది ఈ పనిని అంతగా చేయదు. అందువల్ల మొదటి వారం నుంచే దూడ ముందు ఉండాల్సింది స్టార్టర్ దాణా (చిన్న దూడల కోసం చేసే తొలి దాణా), శుభ్రమైన నీళ్లు. నీళ్లు లేకపోతే దాణా తినదు, తిన్నా పొట్టలో సరిగ్గా పులియదు.

అలాగని పీచు అసలు వద్దనీ కాదు. మెత్తగా పిండి చేసిన దాణా ఒక్కటే తినే దూడల్లో ఆ బుడిపెలు ఒకదానికొకటి అతుక్కుని, పై పొర గట్టిపడి, పీల్చుకునే శక్తి తగ్గుతుంది. పేడ పలచబడుతుంది, దూడ కింద పరిచిన గడ్డిని నమలడం మొదలుపెడుతుంది. పరుపు గడ్డి తింటోందంటే దానికి రాపిడి కావాలని అర్థం. అప్పుడు చేయాల్సింది రెండు నుంచి మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కోసిన శుభ్రమైన గడ్డిని, తినే మొత్తం పొడి మేతలో 5 నుంచి 10 శాతం మించకుండా ఇవ్వడం. రోజుకు కిలో దాణా తినే దూడకు ఇది 50 నుంచి 100 గ్రాములు, అంటే రెండు చేతుల్లో పట్టేంత కోసిన గడ్డి. గింజలు పగిలీ పగలనట్టు మరపట్టిన గరుకు దాణా వాడేవారికి ఇంకా తక్కువే సరిపోతుంది.

ఈ దశలో ఎంపికకు వస్తే గోధుమ గడ్డి, వరిగడ్డి, మామూలు ఎండుగడ్డి మూడూ దాదాపు సమానమే, ఎందుకంటే ఇక్కడ అడుగుతున్నది రాపిడి ఒక్కటే. పైగా రుచిగా ఉండే ఎండుగడ్డి కన్నా వరిగడ్డి వేయడమే ఒక రకంగా నయం. దూడ దాన్ని అతిగా తినదు, దాణాకు చోటు మిగులుతుంది. పత్తిగింజ పొట్టును స్టార్టర్‌లో 5 నుంచి 10 శాతం వరకు కలుపుకోవచ్చు, దూడలు ఇష్టంగా తింటాయి. అయితే పొట్టులో పప్పు ముక్కలు ఎక్కువగా కలిసి ఉంటే వద్దు. పప్పులో ఉండే గాసిపాల్ విషాన్ని తట్టుకునే శక్తి పెద్దపొట్ట ఎదగని దూడకు లేదు. సోయా పొట్టును మొక్కజొన్నకు బదులుగా 10 నుంచి 15 శాతం దాకా కలపవచ్చు. అంతకు మించితే దాణాలో పిండిపదార్థం తగ్గి, బుడిపెల ఎదుగుదల వెనకబడుతుంది.

పాలు మాన్పించడానికి గుర్తు వయసు కాదు, తినే దాణా. పెద్ద జాతి దూడ వరసగా మూడు రోజులు కిలో నుంచి కిలోన్నర స్టార్టర్ తింటే మాన్పించవచ్చు. గడ్డి ఎంత తింటోందన్నది ఈ లెక్కలోకి రాదు.

మూడు నుంచి ఆరు నెలలు: ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే

పాలు మానేశాక దూడ పెద్ద పశువుల్లాగే గడ్డి నములుతుంది కాబట్టి అదే మేత సరిపోతుందని అనిపిస్తుంది. ఒక్కసారి లెక్క చూడండి.

120 కిలోల దూడ రోజుకు సుమారు 3 కిలోల పొడి పదార్థం (తేమ తీసేస్తే మిగిలే మేత) తింటుంది. దానికి కావాల్సిన మాంసకృత్తులు 16 శాతం చొప్పున 480 గ్రాములు, మొత్తం జీర్ణమయ్యే పోషకాలు (టీడీఎన్) సుమారు 2 కిలోలు. పీచును కొలిచే ఎన్‌డీఎఫ్ లెక్కలో, పెరిగే పెయ్య ఒక రోజులో తన బరువులో దాదాపు 1 శాతం పీచు దగ్గర ఆగిపోతుంది. అంటే ఈ దూడకు 1.2 కిలోలు. వరిగడ్డిలో ఎన్‌డీఎఫ్ 70 శాతం దాకా ఉంటుంది కాబట్టి 1.7 కిలోల గడ్డి తినేసరికి కడుపు నిండిపోతుంది. ఆ గడ్డిలో దొరికే మాంసకృత్తులు 70 గ్రాములు, టీడీఎన్ 700 గ్రాములు. కడుపు నిండింది, కావాల్సిన శక్తిలో మూడో వంతు, మాంసకృత్తుల్లో ఏడో వంతు మాత్రమే అందింది. బానపొట్ట, పైకి తేలిన వెన్నెముక, గరుకు వెంట్రుక కనిపించే దూడల్లో చాలావాటి కథ ఇదే. నులిపురుగులు కూడా ఇలాంటి పొట్టనే తెస్తాయి కాబట్టి పేడ పరీక్ష చేయించాలి, కానీ మందు తాగించాక కూడా మేత మారకపోతే పొట్ట మారదు.

ఈ వయసుకు పప్పుజాతి పంటల కట్టెలు మేలు. వేరుశనగ కట్టెలో మాంసకృత్తులు 10 నుంచి 13 శాతం, ఎన్‌డీఎఫ్ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటాయి. వరిగడ్డితో పోలిస్తే మూడింతల మాంసకృత్తులు, కడుపులో తక్కువ చోటు. మినుము, పెసర కట్టెలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. వీటి విలువంతా ఆకులోనే ఉంటుంది. బాగా ఎండిన మధ్యాహ్నం కట్టను దులిపి, లాగి, విసిరి మోస్తే ఆకు పొలంలోనే రాలిపోతుంది, ఇంటికి చేరేది పుల్లలే. ఉదయపు మంచు తడి కాస్త ఉండగానే మోసుకొచ్చి నీడలో ఆరబెట్టడం మేలు. కొనేటప్పుడు గుప్పెడు తీసి పట్టుకుని చూడండి. ఆకు, సన్న తీగ సగానికి తగ్గితే అది వేరుశనగ కట్టె ధర పలకదగ్గ మేత కాదు. వేళ్లకు అంటిన మట్టి మరో చిక్కు. దులపకుండా మేపితే బరువులో మట్టికీ డబ్బు కట్టినట్టే, పొట్టలోకి ఇసుక చేరినట్టే.

100 కిలోల దూడకు ఒక నమూనా మేత: 18 శాతం మాంసకృత్తులున్న దాణా కిలోన్నర, కోసిన వేరుశనగ కట్టె 800 గ్రాములు, పప్పుజాతి పచ్చిమేత 4 కిలోలు. ఇందులో పొడి పదార్థం 2.9 కిలోల దగ్గర, మాంసకృత్తులు 16 శాతం పైన, టీడీఎన్ 1.9 కిలోల దగ్గర పడతాయి. వేరుశనగ కట్టె దొరక్క అంతే వరిగడ్డి వేస్తే మాంసకృత్తులు 50 గ్రాములు తగ్గి 15 శాతానికి దిగుతాయి. ఆ లోటుకు 110 నుంచి 120 గ్రాముల సోయా చెక్క కలిపితే సరి. కాబట్టి కట్టె ధరనూ, గడ్డి ధర మీద ఈ చెక్క ఖర్చు కలిపిన మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఉత్త గడ్డి ధరతో పోలిస్తే తప్పుడు జవాబు వస్తుంది.

చొప్పల సంగతి. జొన్న చొప్ప, మొక్కజొన్న చొప్ప వరిగడ్డి కన్నా ఒక మెట్టు పైన: మాంసకృత్తులు 4 నుంచి 6 శాతం, టీడీఎన్ 50 శాతం దగ్గర. కానీ దూడ కాండాన్ని వదిలేసి ఆకు ఏరుకుంటుంది. తొట్టిలో మిగిలే దాన్ని చూసుకోకుండా వేసిన బరువంతా తిన్నట్టు లెక్క కడితే తేడా వస్తుంది. గడ్డి కోసే చాఫ్ కట్టర్‌లో మూడు నాలుగు సెంటీమీటర్లకు కోసి, కాస్త నీళ్లు చిలకరించి, దాణాతో కలిపి వేస్తే ఏరుకోవడం తగ్గుతుంది. మరీ పొడి చేయవద్దు. పొడి పొట్టలో నిలవకుండా జారిపోతుంది, రాపిడి ఇవ్వదు, దుమ్ము ముక్కుకెక్కి దూడ దగ్గుతుంది.

పొట్టుల్లో ఎంత తేడానో

గుట్టగా పోస్తే పొట్టులన్నీ ఒకేలా కనిపిస్తాయి. విలువలో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. దానికి కారణం లిగ్నిన్, అంటే మొక్కను చెక్కలా బిగించే పదార్థం. దాన్ని పొట్టలోని సూక్ష్మజీవులు విడగొట్టలేవు, అది చుట్టుకున్న పీచునూ అందనివ్వదు.

సోయా పొట్టులో ఎన్‌డీఎఫ్ 60 శాతం పైనే, కానీ లిగ్నిన్ 2 శాతం దగ్గరే. అందుకే బాగా కరుగుతుంది, టీడీఎన్ 65 నుంచి 70 దాకా వస్తుంది, మాంసకృత్తులు 11 శాతం పైగా ఉంటాయి. పిండిపదార్థం లేకుండా శక్తినిస్తుంది కాబట్టి పొట్టలో పులుపు పెంచదు. ఆరు నెలలు దాటిన పెయ్యల దాణాలో మొక్కజొన్నకు బదులు మూడో వంతు దాకా నిశ్చింతగా వాడవచ్చు, పక్కన పొడవు గడ్డి ఉన్నంతవరకు. వేయించని సోయా పొట్టులో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. యూరియా కలిపిన దాణాలో ఆ పచ్చి పొట్టు వేస్తే అమ్మోనియా ఒక్కసారిగా విడుదలవుతుంది, కాబట్టి ఆ రెండూ ఒకచోట చేరకూడదు.

పత్తిగింజ పొట్టు దీనికి పూర్తిగా ఎదురు. ఎన్‌డీఎఫ్ 85 శాతం దగ్గర, లిగ్నిన్ 20 శాతం పైగా, మాంసకృత్తులు 4 నుంచి 6 శాతం. రుచి ఉంది, రాపిడి కాస్త ఉంది, బలం లేదు. దాణా మీద ఎగబడే దూడను నెమ్మదింపజేయడానికి వాడే సరుకు ఇది. ఎదుగుదలకు దీన్ని నమ్ముకోలేం.

వేరుశనగ కాయల డొల్ల, వరి ఊక ఈ రెండింటినీ మేతగా లెక్కించకండి. డొల్లలో టీడీఎన్ 20 చుట్టూ, ఊకలో అంతకన్నా తక్కువ. ఊకలో బూడిదే 17 నుంచి 20 శాతం, అందులో అత్యధికం సిలికా. దాని గరుకు అంచులు పేగు పొరను గాయపరుస్తాయి. తవుడులో ఊక కలిపి అమ్మే కల్తీని పట్టుకోవాలంటే గుప్పెడు తవుడు నీళ్లలో వేసి కలపండి, ఊక పైకి తేలి వేళ్లకు గరుగ్గా తగులుతుంది.

చెరకు పిప్పిలో మాంసకృత్తులు 2 శాతం దగ్గరే. పచ్చి పిప్పి తీపి వల్ల దూడ తింటుంది గానీ, ఎక్కువైతే పొట్టలో గట్టిపడి మలబద్ధకం తెస్తుంది. ఏడాది లోపు దూడకు పెట్టకపోవడమే మంచిది. మొక్కజొన్న బెండ్లను పొడిచేస్తే టీడీఎన్ 48 నుంచి 50 దాకా ఉంటుంది, ఏడాది దాటిన పడ్డలకు వరిగడ్డికి బదులుగా పనికొస్తాయి.

గోధుమ పొట్టు వేరే వర్గం. మాంసకృత్తులు 15 నుంచి 17 శాతం, భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. కోడె దూడలకు దాణాలో ఇదే ప్రధానమైతే మూత్రనాళంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం ఉంది. సున్నపురాయి పొడి కలిపి కాల్షియంను భాస్వరం కన్నా ఎక్కువగా ఉంచాలి.

ధర పోల్చే పద్ధతి ఇది: కిలో సరుకులో పొడి పదార్థం ఎంతో, అందులో టీడీఎన్ ఎంతో గుణించండి. 90 శాతం పొడిగా ఉన్న వరిగడ్డి కిలోలో 0.38 కిలోల టీడీఎన్, సోయా పొట్టు కిలోలో 0.61 కిలోలు. శక్తి ఒక్కటే చూసినా సోయా పొట్టుకు గడ్డి ధర కన్నా 1.6 రెట్లు పెట్టవచ్చు. మాంసకృత్తుల విలువ ఆపైన అదనం.

ఏడాది దాటాక గడ్డి బలం పెరుగుతుంది

ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య మేతలో మాంసకృత్తులు 14 నుంచి 15 శాతానికి, ఏడాది దాటాక 12 నుంచి 13 శాతానికి తగ్గించవచ్చు. చూలు కట్టించే సమయానికి పడ్డ తన జాతి పెద్ద ఆవు బరువులో 55 నుంచి 60 శాతం ఉండాలి. ఇక్కడి నుంచి భయం రెండో వైపు మొదలవుతుంది. మొక్కజొన్న సైలేజీ (గాలి చొరకుండా పులియబెట్టి నిల్వచేసిన పచ్చిమేత), దాణా దండిగా ఉన్నచోట పడ్డలు కొవ్వు పడతాయి, ఈత కష్టమవుతుంది, ఈనాక మేత తినడం తగ్గుతుంది. తక్కువ శక్తి ఉన్న గడ్డి ఇప్పుడు లోపం కాదు, పనిముట్టు. సైలేజీతో పాటు రోజుకు ఒకటి రెండు కిలోల కోసిన గోధుమ గడ్డో, వరిగడ్డో కలిపితే కడుపు నిండుతుంది, కొవ్వు చేరదు.

300 కిలోల చూలు పడ్డకు: యూరియా పట్టించిన గడ్డి (పద్ధతి కింద ఉంది) 2 కిలోలు, పచ్చి జొన్న 8 కిలోలు, పప్పుజాతి పచ్చిమేత 4 కిలోలు, 20 శాతం మాంసకృత్తుల దాణా 2 కిలోలు. మాంసకృత్తులు 13 శాతం, టీడీఎన్ 3.7 కిలోల దగ్గర, ఎన్‌డీఎఫ్ బరువులో 1 శాతం దగ్గర కుదురుతాయి. పచ్చిమేత దొరకని రోజుల్లో ఆ స్థానంలో గడ్డి పెంచుకుంటూ పోవద్దు, వేరుశనగ కట్టె 2 కిలోలు చేర్చి దాణా కొద్దిగా పెంచండి.

వరిగడ్డి ఎక్కువగా వాడేచోట ఖనిజాల మిశ్రమం తప్పదు. గడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియంను పట్టేసి పశువుకు అందనివ్వవు. చిన్న దూడకు రోజుకు 15 నుంచి 25 గ్రాములు, పడ్డకు 30 నుంచి 50 గ్రాములు, ఉప్పు విడిగా.

యూరియా పట్టించడం: ఎప్పుడు లాభం, ఎప్పుడు ప్రాణాపాయం

100 కిలోల ఎండు గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. యూరియా పూర్తిగా కరిగాకే చల్లాలి, కరగని గడ్డలు ఒకచోట చేరితే ఆ చోటి గడ్డే విషమవుతుంది. పొర పరిచి, చల్లి, తొక్కి, మళ్లీ పొర. పైన గాలి చొరకుండా పట్టా కప్పి అంచుల మీద మట్టి వేయాలి. వేడి కాలంలో 21 రోజులు, చలిలో నాలుగైదు వారాలు. తెరిచినప్పుడు గడ్డి బంగారు గోధుమ రంగుకు తిరిగి, ముక్కు అదిరేంత ఘాటు రావాలి. ఘాటు లేకపోతే గాలి చొరబడిందని, బూజు ఉండవచ్చని అనుమానించాలి. ఒక రోజుకు సరిపడేంత తీసి, కొన్ని గంటలు ఆరబెట్టి వేయాలి. మాంసకృత్తులు 3, 4 శాతం నుంచి 7, 8 శాతానికి పెరుగుతాయి, గడ్డి మెత్తబడి తినడమూ పెరుగుతుంది.

ఆరు నెలలు నిండని దూడకు ఇది పెట్టకూడదు. ఆకలితో ఉన్న పశువు ముందు ఒకేసారి పోయకూడదు, వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. నోటి వెంట చొంగ, వణుకు, పొట్ట ఉబ్బు, తూలడం కనిపిస్తే మేత వెంటనే తీసేసి పశువైద్యుణ్ణి పిలవాలి. మింగగలిగే స్థితిలో ఉంటే ఆయన చెప్పిన మోతాదులో వెనిగర్‌ను చల్లటి నీళ్లతో తాగించడం తొలి చికిత్స. వణికి పడిపోయిన పశువుకు బలవంతంగా తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంకో ప్రమాదం తక్కువమందికి తెలుసు. మంచి నాణ్యత గల, తీపి ఎక్కువున్న ఎండుగడ్డికి యూరియా లేదా అమ్మోనియా పట్టిస్తే, చక్కెరలు అమ్మోనియాతో కలిసి నాడీమండలాన్ని దెబ్బతీసే పదార్థం పుడుతుంది. పశువులు పిచ్చిగా పరుగెత్తి గోడలకు గుద్దుకుంటాయి. ఆ గడ్డి తిన్న తల్లి పాలు తాగిన దూడలకూ వస్తుంది. యూరియా పట్టించేది పండిపోయి ఎండిన గడ్డికే.

నిల్వలో చెడేవి

తేమ 14, 15 శాతం దాటిన కట్టె వాము లోపల వేడెక్కి బూజు పడుతుంది. వేరుశనగ కట్టె, చెక్క రెండింటిలోనూ అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం ఉంది. ఎండబెట్టి దులిపితే బూజు రాలుతుందేమో గానీ విషం పోదు. నల్లబడిన వరిగడ్డి తిన్న పశువుల్లో చెవి కొసలు, తోక కొన, గిట్టల పైభాగం నల్లబడి కుళ్లడం కనిపిస్తే గడ్డిలోని ఫ్యుసేరియం బూజును అనుమానించి ఆ వాము వాడకం ఆపేయాలి. తడిసిన గడ్డిని దూడలకే పడేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. నిజానికి దూడే అందరికన్నా ముందు దెబ్బతింటుంది.

మేత మార్చాక పేడ చూడండి. సెంటీమీటరు కన్నా పొడవైన పీచు ముక్కలు ఎక్కువగా కనిపిస్తే పొట్టలో సరిగ్గా కరగడం లేదు, గట్టి ఉండలుగా పడితే మాంసకృత్తులో నీళ్లో తక్కువ. నెలకోసారి టేపుతో ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు నుంచి పిరుదు ఎముక దాకా పొడవు సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 10,840తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. ప్రతిసారీ ఒకే పూట, మేతకు ముందే కొలవాలి, లేదంటే పొట్టలోని గడ్డినే ఎదుగుదలగా లెక్కపెట్టుకుంటాం. పొడవు, ఛాతీ పెరగకుండా పొట్ట మాత్రమే పెరుగుతుంటే గడ్డిలో పావు వంతు తీసి ఆ స్థానంలో పప్పుజాతి కట్టె గానీ, కొద్దిపాటి సోయా చెక్క గానీ వేయండి. మరుసటి నెల కొలత వచ్చేదాకా ఇంకేమీ మార్చకండి.